వంటింటి రేకుతో... వైఫైకి దారి!

ముందుగదిలో నెట్ పరుగులు పెడుతుంది. వెనకగదిలో నత్తలా పాకుతుంది. దానికి మందు కొత్త పెట్టె కొనడమేనా? అక్కర్లేదంటోంది యాంటెన్నా శాస్త్రం. ఓ అట్టముక్క, కాస్త ఫాయిల్, పిల్లల జామెట్రీ పెట్టెలోని స్కేలు ఉంటే సగం పనైనట్టే. కాకపోతే... కొలత తప్పకూడదు!

"అచ్చిందా?"

"లే... ఇంక చుక్కలే!"

"ఇప్పుడు?"

"ఆఁ, అచ్చింది అచ్చింది. అట్లనే ఉంచు... ముట్టకు!"

చెన్నూరులోనే కాదు, గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఏ ఊళ్లోనైనా నలభై దాటినవాళ్లకు ఈ మాటలు ఎక్కడివో చెప్పక్కర్లేదు. మిద్దె మీద ఒకరు ఇనుప పైపు పట్టుకుని తిప్పుతుంటారు. టీవీ ముందు ఒకరు కూర్చుని తీర్పు చెబుతుంటారు. వాకిట్లో నిలబడి ఆ తీర్పును పైకి మోసేది ఇంట్లో అందరికంటే చిన్నవాడు. ఆదివారం సినిమా మొదలయ్యేలోపు ఈ తతంగం పూర్తి కావాలి.

మిద్దె మీది ఆ చేపముల్లు యాంటెన్నాను 1926లో జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో షింతారో ఉడా, హిదెత్సుగు యాగి లోకానికి పరిచయం చేశారు. అందులో టీవీ తీగ తగిలించేది ఒక్క కడ్డీకే. మిగతా కడ్డీలకు ఏ తీగా ఉండదు. అవి ఊరికే నిలబడి, వచ్చే తరంగాన్ని అసలు కడ్డీ వైపు మళ్లిస్తాయంతే. కరెంటు తినవు, కాలిపోవు, రిపేరుకు రావు. బొమ్మ సరిగా రాకపోతే ఆ రోజుల్లో ఎవరూ టీవీని మార్చలేదు. యాంటెన్నాను తిప్పారు.

కేబుల్ వచ్చింది. తర్వాత డిష్ వచ్చింది. చేపముళ్లన్నీ పాత ఇనుప సామాను బండ్లెక్కాయి. వాటితోపాటే ఆ తెలివీ వెళ్లిపోయినట్టుంది. ఇవాళ వెనకగదిలో వైఫై అందకపోతే ఇంట్లో మొదట వినిపించే మాట... "పెట్టె మార్చాలి!"

గుమ్మందాకా వచ్చి ఆగింది

ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో, 2016 అక్టోబరు నుంచి మంచిర్యాల జిల్లాలో ఉన్న చెన్నూరు లాంటి ఊళ్లలో రెండు రకాల ఇళ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి, మందపాటి మట్టిగోడల పెంకుటిల్లు. రెండోది, ఇనుప చువ్వలు పోసి కట్టిన స్లాబు ఇల్లు. కాలం వేరైనా వరస మాత్రం ఒకటే. ముందు అర్ర, నడిమి అర్ర, ఆ వెనక వంటిల్లు, దాని పక్కన ఓ చిన్న గది. నెట్ వైరు వీధిలోంచి వస్తుంది కాబట్టి పెట్టె ముందు అర్రలోనే ఆగుతుంది. చాలా ఇళ్లలో టీవీ పక్కన, లేదంటే దాని వెనక!

ఇప్పుడు ఆ ఇంట్లో చదువుకునే పిల్ల ఎక్కడ కూర్చుంటుందో చూడండి. టీవీ మోత, వచ్చేపోయే చుట్టాలు ముందు అర్రలో. పుస్తకం పట్టుకోవాలంటే ఆ వెనక చిన్నగదే దిక్కు. అంటే, నెట్ అవసరమైన మనిషికీ నెట్ పెట్టెకూ మధ్య ఇంట్లో ఉన్న గోడలన్నీ అడ్డం. ఇది పైకి చిన్న సంగతిలా కనిపిస్తుంది. కానీ పోటీ పరీక్షకు తయారయ్యే అమ్మాయికి వీడియో పాఠం ప్రతి రెండు నిమిషాలకూ ఆగి గుండ్రంగా తిరుగుతుంటే ఆ నెల కట్టిన నెట్ బిల్లు ఎవరి ఖాతాలోకి పోయినట్టు? ముందు అర్రలో సినిమా చూసేవాళ్ల ఖాతాలోకి!

2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల ద్వారా బడి పాఠాలు మొదలైనప్పుడు సిగ్నల్ కోసం చెట్లూ గుట్టలూ ఎక్కిన పిల్లల ఫొటోలు పత్రికల్లో చూశాం. అది ఊళ్లోకే సిగ్నల్ రాని కష్టం. ఆ తర్వాత పరిస్థితి మెల్లగా మారుతోంది. మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ గొట్టాలూ పరిచారు. 2024 డిసెంబరులో ఆ సేవ ప్రయోగాత్మకంగా మొదలైన ఊళ్లలో గోదావరి అవతల, పెద్దపల్లి జిల్లాలోని అడవి శ్రీరాంపూర్ ఒకటి. అంటే వెంట్రుకంత సన్నని గాజు తీగలో వందల కిలోమీటర్లు వచ్చిన నెట్, ఇంటి లోపల చివరి పది మీటర్ల దగ్గర చతికిలబడుతోంది. ఆ పది మీటర్లూ దాటించాల్సింది యాంటెన్నాయే.

చిల్లు వడ... ఆలయం మైకు

రూటర్‌కు ఉండే నల్ల పుల్లలోంచి తరంగాలు ఎటు వెళ్తాయి? చాలామంది అనుకున్నట్టు పుల్ల కొసలోంచి బాణంలా కాదు. పుల్ల చుట్టూ, మినప వడ ఆకారంలో! వడ చిల్లులో పుల్ల గుచ్చినట్టు ఊహించుకోండి. పక్కలకు దండిగా వెళ్తాయి. కొస వైపు, అంటే నేరుగా పైకీ కిందికీ దాదాపు ఏమీ వెళ్లవు. మేడ మీది గదిలో సిగ్నల్ రాలేదని పుల్లను ఇంకాస్త నిటారుగా నిలబెట్టేవాళ్లు చేస్తున్నది సరిగ్గా తిరకాసు పని. పైగదికి కావాలంటే దాన్ని పక్కకు వాల్చాలి.

వడ అంటే నాలుగు దిక్కులకూ సమానమే కదా! ముందు అర్రలో వీధి గోడకు ఆనించి పెట్టిన పెట్టె తన శక్తిలో సగాన్ని వీధిలోకి ధారపోస్తోంది. రోడ్డు మీద పోయే మేకలకు వైఫై ఎందుకు? ఆ సగాన్నీ వెనక్కి మళ్లిస్తే చాలు... కొత్త పెట్టె, కొత్త కరెంటు ఖర్చు ఏమీ లేకుండానే వెనకగదికి అందేది రెట్టింపవుతుంది. తక్కువ ఖర్చు యాంటెన్నాల కిటుకంతా ఇంతే. యాంటెన్నా సిగ్నల్‌ను పుట్టించదు. ఒక దిక్కున తగ్గించి ఇంకో దిక్కున పెంచుతుంది.

మరి పెట్టె బలమే పెంచేస్తే పోలా? ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకునేది. నెట్ వాడకం రెండు వైపుల సంభాషణ. రూటర్ పంపింది ఫోన్‌కు చేరాలి. ఫోన్ ఇచ్చే జవాబు రూటర్‌కూ చేరాలి. గుడి మైకులో పూజారి పిలిస్తే ఊరంతా వినిపిస్తుంది. చివరి ఇంట్లో మంచాన పడ్డ ముసలాయన "ఆఁ, విన్నా" అంటే పూజారికి వినిపిస్తుందా? బలం పెంచిన రూటర్ ఆ మైకు లాంటిది. ఫోన్‌లో నిండా గీతలు కనిపిస్తాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. అదే రూటర్ వెనక ఓ రేకు పెడితే చెవి వెనక అరచేయి అడ్డం పెట్టుకున్నట్టు. మాటా దూరం పోతుంది, గుసగుసా వినిపిస్తుంది. యాంటెన్నా పంపడంలో ఎంత మేలు చేస్తుందో, వినడంలోనూ అంతే చేస్తుంది.

ముందుగా ఖర్చులేని పని

రేకు జోలికి వెళ్లేముందు చేయాల్సినది ఒకటుంది. పెట్టెను జరపడం. టీవీ వెనక నుంచి తీయాలి. ఇనుప బీరువా పక్కన, ఫ్రిజ్ పక్కన, నీళ్ల డ్రమ్ము పక్కన పెట్టకూడదు. లోహం తరంగాన్ని తిప్పికొడుతుంది, నీళ్లు మింగేస్తాయి. అద్దాల బీరువా అయితే మరీ... అద్దం వెనక పూత కూడా లోహమే. మనిషి తలకంటే ఎత్తులో గూట్లోనో అటక అంచునో పెట్టి, నడిమి అర్ర తలుపు వైపు చూసేలా ఉంచితే చాలు. తలుపు సందులోంచి వెళ్లే తరంగానికి గోడ పన్ను ఉండదు.

ఎంత మేలు జరిగిందో కంటికి కనిపించే గీతలను నమ్మొద్దు. సిగ్నల్‌ను అంకెల్లో చూపించే ఉచిత ఆప్‌లు ఆండ్రాయిడ్ ఫోన్లలో దొరుకుతాయి. అవి మైనస్ అంకెలు చూపిస్తాయి. మైనస్ 80 అంటే నీరసం. మైనస్ 67, అంతకంటే మెరుగైతే వీడియో ఆగకుండా నడుస్తుంది. ఈ డెసిబెల్ లెక్కలో 3 పెరిగితే శక్తి రెట్టింపయినట్టు, 6 పెరిగితే నాలుగింతలు. వెనకగదిలో ఒకే చోట ఫోన్ పెట్టి, ముందూ తర్వాతా ఆ అంకె రాసుకోవాలి. మిద్దె కింద కూర్చుని "అచ్చింది" అని చెప్పిన మనిషి పని ఇప్పుడు ఈ అంకె చేస్తుంది.

అట్ట మడత... ఆరు సెంటీమీటర్ల చిక్కు

అన్నిటికంటే తేలికైనది మూల యాంటెన్నా. 1930ల చివర్లో అమెరికన్ ఇంజినీరు జాన్ క్రాస్ రూపకల్పన ఇది. రెండు లోహపు పలకలను తెరిచిన పుస్తకంలా 90 డిగ్రీల కోణంలో నిలబెట్టి, మధ్యలో మామూలు పుల్ల ఉంచడమే. వైఫైకి చేయాలంటే 30 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టి అట్ట తీసుకుని సరిగ్గా మధ్యకు మడవాలి. లోపలి వైపు వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను ముడతల్లేకుండా అంటించాలి. దాన్ని రూటర్ పుల్ల వెనక నిలబెట్టి, తెరిచిన వైపు వెనకగదికి చూపించాలి. పుల్ల మడతకు సమానంగా నిటారుగా ఉండాలి.

అంత పలచటి ఫాయిల్ పనిచేస్తుందా అని సందేహం రావచ్చు. వైఫై తరంగం అల్యూమినియంలోకి దిగే లోతు దాదాపు 2 మైక్రాన్లు మాత్రమే. వంటింటి ఫాయిల్ మందం దానికి ఎన్నో రెట్లు. రెండు మిల్లీమీటర్ల ఇనుప తలుపు ఎంత పనిచేస్తుందో, అన్నం డబ్బా చుట్టే ఫాయిల్ కూడా అద్దంలా అంతే తిప్పికొడుతుంది.

ఇక కొలత. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తరంగం పొడవు సుమారు 12.3 సెంటీమీటర్లు. పుస్తకాల ప్రకారం పుల్లకూ మడతకూ మధ్య దూరం దాంట్లో సగం, అంటే 6 సెంటీమీటర్లు ఉంటే శ్రేష్ఠం. అలాగే పెట్టి చూసినవాళ్లలో కొందరు "ముందుకంటే పాడైంది" అని ఫాయిల్ పీకి పారేస్తారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఇప్పటి రూటర్లు 2.4తోపాటు 5 గిగాహెర్ట్జ్‌లోనూ పనిచేస్తాయి. ఆ తరంగం పొడవు ఐదున్నర సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. పుల్ల మడతకు సరిగ్గా ఒక తరంగం దూరంలో ఉంటే, రెండు పలకల నుంచీ తిరిగొచ్చే తరంగాలు ఎదురుగా ఉన్న దిక్కులో ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అంటే 6 సెంటీమీటర్ల దూరం 2.4కు వరం, 5కు శాపం! ఫోన్ తనంతట తానే 5లోకి మారిందా... ఎటు చూపించామో అటే సిగ్నల్ ఉండదు. మధ్యే మార్గం 4 సెంటీమీటర్లు. రెండింటికీ ఫలితం కాస్త తగ్గినా రద్దయ్యే ప్రమాదం ఉండదు. పుస్తకం లెక్కలో పది రెట్ల దాకా వినిపించే బలం ఇంట్లో ఆశించకూడదు. నాలుగైదు డెసిబెల్స్ పెరిగినా ఓ మామూలు ఇటుక గోడ మింగినదాన్ని చాలావరకు వెనక్కి తెచ్చుకున్నట్టే.

రూటర్‌కు నాలుగు పుల్లలుంటే? పుల్లకో మడత పెట్టలేం. మొత్తం పెట్టెనే పెద్ద మడతలో కూర్చోబెట్టి జరుపుతూ అంకె చూసుకోవాలి. పుల్లలు లోపలే దాగి ఉన్న రకానికీ అదే దారి. పెట్టెకు ఫాయిల్ చుట్టేయడం మాత్రం వద్దు. గాలాడక వేడెక్కుతుంది.

ఇదంతా గారడీలా అనిపించేవాళ్లకు ఓ పాత కథ. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్ రేడియో తరంగాలను గోడలు దాటించి గంట మోగించారు. తర్వాతి ప్రయోగాల్లో ఆయన వాడిన తరంగాల పొడవు కొన్ని మిల్లీమీటర్ల నుంచి రెండున్నర సెంటీమీటర్ల దాకా ఉండేది. ఇవాళ్టి వైఫై కంటే చిన్నవన్నమాట. తరంగాలను వడగట్టే పరికరంగా ఆయన వాడిన వాటిలో ఒకటి... బ్రాడ్‌షా రైల్వే టైంటేబుల్! పేజీల మధ్య తగరపు రేకులు పెట్టిన పుస్తకం. ఇంకొకటి పురి తిప్పిన జనపనార. లోకమంతా ఖరీదైన ప్రయోగశాలల వైపు చూస్తున్న కాలంలో ఆయన చేతికి అందిన వస్తువుతో పని కానిచ్చేశారు.

అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాల పరిశోధకులదీ ఇదే బాట. షియా ఝౌ బృందం 2017లో ఇంటి నమూనాను కంప్యూటర్‌కు ఇచ్చి, ఏ గదికి సిగ్నల్ కావాలో ఏ వైపు వద్దో చెబితే, దానికి తగ్గ వంపుల పలకను త్రీడీ ముద్రణలో తయారుచేసే పద్ధతి చూపించింది. ప్లాస్టిక్ పలక, దానిపై పలచటి లోహపు పొర. ఖర్చు సుమారు 35 డాలర్లు. బయటికి పోయే సిగ్నల్‌ను అడ్డుకోవడం వల్ల పక్కింటివాళ్లు నెట్ దొంగిలించే అవకాశమూ తగ్గుతుందని ఆ బృందం చెప్పింది. వాళ్ల పరిశోధనకు దారి చూపిన వాటిలో కూల్‌డ్రింక్ డబ్బాను కోసి రూటర్ వెనక పెట్టే ఇంటి చిట్కా కూడా ఉంది!

డబ్బాలో బొగ్గుబాయి

మడత తర్వాతి మెట్టు డబ్బా యాంటెన్నా. 2001లో రాబ్ ఫ్లికెంజర్ అనే అమెరికన్ ప్రింగిల్స్ చిప్స్ గొట్టంలో కడ్డీ, వాషర్లు అమర్చి ఏడు డాలర్లలోపే వైఫై యాంటెన్నా చేయడంతో దీనికి ప్రపంచమంతటా పేరొచ్చింది. నిజానికి ఆ చిప్స్ గొట్టం అంత మంచి ఎంపికేమీ కాదు. దానికంటే లావుపాటి మామూలు రేకు డబ్బాలే మెరుగని తర్వాత పరీక్షించినవాళ్లు తేల్చారు. ఎందుకో సింగరేణి వాళ్లకు చెప్పడం తేలిక.

మందమర్రి, శ్రీరాంపూర్ వైపు భూగర్భ గనుల్లో బాయి దిగినవాళ్లకు తెలుసు... లోపల దారులు పొడవాటి సొరంగాలు. మీడియం వేవ్ రేడియో తరంగం పొడవు వందల మీటర్లు. అది ఆ సొరంగంలో ఇమడదు. సెంటీమీటర్ల పొడవుండే తరంగాలు మాత్రం గోడలకు తగులుతూ తిన్నటి దారిలో చాలా దూరం సాగుతాయి, మూల తిరిగేటప్పుడు నీరసిస్తాయి. బొగ్గు గనుల సొరంగాల్లో రేడియో తరంగాలు ఎలా నడుస్తాయో 1975లోనే ఎమ్స్లీ, ఆయన సహచరులు లెక్కగట్టి ప్రచురించారు. డబ్బా యాంటెన్నా కూడా ఒక చిన్న సొరంగమే. డబ్బా సన్నగా ఉంటే తరంగం లోపల ఇమడదు. మరీ లావైతే అడ్డదిడ్డంగా తిరుగుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌కు లోపలి అడ్డకొలత ఏడున్నర నుంచి 9.4 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. చిప్స్ గొట్టం ఈ హద్దులో అట్టడుగు అంచున ఉంటుంది. అదీ సంగతి. (గనిలోకి మాత్రం ఇంటి తయారీ పరికరాలేవీ తీసుకెళ్లకూడదు. పేలుడు వాయువులుండే చోట అనుమతి పొందినవే వాడాలి.)

డబ్బాలో నిలబెట్టే రాగి తీగ పొడవు 31 మిల్లీమీటర్లు. అది తరంగంలో పావు వంతు. అడుగు నుంచి దాన్ని ఎంత దూరంలో పెట్టాలన్నదే అసలు పరీక్ష. 9 సెంటీమీటర్ల డబ్బాకైతే 5.1 సెంటీమీటర్లు. ఎనిమిదిన్నర సెంటీమీటర్ల డబ్బాకు 5.8. ఏడున్నర సెంటీమీటర్ల డబ్బాకు ఏకంగా 11! ఒకటిన్నర సెంటీమీటర్ల తేడాకు తీగ చోటు రెట్టింపు దూరం జరిగింది. ఎవరో చేసిన కొలతను ఇంకో డబ్బాకు అతికిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే కంటితో చూసి కాదు, స్కేలుతో కొలిచాకే డబ్బా ఎంచుకోవాలి. పొడవు కూడా కావాలి. 9 సెంటీమీటర్ల డబ్బాకు కనీసం 15 సెంటీమీటర్లు.

ఎలక్ట్రీషియన్ దగ్గర మిగిలిపోయిన రాగి తీగతో చేసే రకం ఇంకొకటి. పావు మీటరుకు ఓ పిసరు తక్కువ తీగను రెండు చిన్న చదరాలుగా వంచాలి. ఒక్కో భుజం 31 మిల్లీమీటర్లు. రెండు చదరాలు మూలలతో కలిసి గాలిపటాల జంటలా ఉంటాయి. దాని వెనక 15 మిల్లీమీటర్ల దూరంలో 123 మిల్లీమీటర్ల చదరపు రాగి లేదా ఇత్తడి పలక. మామూలు పుల్లతో పోలిస్తే ఆరేడు రెట్ల బలం ఒక దిక్కున వస్తుంది. చూడ్డానికి చెవి కమ్మలా ఉండే ఈ యాంటెన్నాయే డబ్బా కంటే చేయడం తేలిక, కొలత కాస్త అటూ ఇటూ అయినా క్షమిస్తుంది. టంకం పెట్టడం వచ్చిన డిప్లొమా పిల్లలకు ఒక మధ్యాహ్నం పని.

చవక తీగ... ఖరీదైన తప్పు

డబ్బా అయినా చదరమైనా, రూటర్ దాకా కలిపే తీగ దగ్గర చాలామంది బోల్తా పడతారు. బజారులో చవకగా దొరికే ఆర్‌జీ-58 రకం తీగ వైఫై తరంగాన్ని మీటరుకు దాదాపు ఒక డెసిబెల్ చొప్పున తింటుంది. అయిదు మీటర్ల తీగ వాడితే మూడింట రెండు వంతులు దారిలోనే హరీ! అంత కష్టపడి చేసిన యాంటెన్నా లాభం తీగ పాలు.

దీనికి న్యూజిలాండ్‌లోని మాసీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన స్టాన్ స్వాన్ సొగసైన విరుగుడు కనిపెట్టారు. తీగను పొడిగించే బదులు, వైఫైని పట్టే చిన్న యూఎస్‌బీ ముక్కనే యాంటెన్నా దగ్గరికి తీసుకెళ్లారు. యూఎస్‌బీ తీగలో వెళ్లేది అంకెలుగా మారిన సమాచారం కాబట్టి అయిదు మీటర్లదాకా నష్టం ఉండదు. ఇంతకీ ఆయన యాంటెన్నా ఏంటంటే... నూనెలోంచి వేపుళ్లు తీసే చైనా జాలీ గరిటె! మన వంటింట్లో లోతైన స్టీలు జల్లెడ కూడా ఆ కోవలోనిదే. దాని కడుపులో, మధ్యకు ఎదురుగా ఆ యూఎస్‌బీ ముక్కను వేలాడదీయడమే. జల్లెడకు కన్నాలుంటే తరంగం కారిపోదా? 12 సెంటీమీటర్ల తరంగానికి సెంటీమీటరు లోపు కన్నం కన్నమే కాదు, నిండు గోడ. మైక్రోవేవ్ పొయ్యి తలుపుకు చిల్లుల రేకు ఉండటానికీ కారణం అదే. పొయ్యి, వైఫై... రెండూ వాడేది ఇంచుమించు ఒకే తరంగం.

అదే నది... కింది తీరాన

చెన్నూరు దగ్గర గోదావరి ఉత్తరానికి మళ్లి పారుతుంది. ఆ ఉత్తరవాహినిలో స్నానానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అదే నది సముద్రం చేరబోయే చోట, పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం చుట్టుపక్కల ఊళ్లలో 2000ల మధ్యలో ఇంకో ప్రయోగం జరిగింది. బైర్రాజు ఫౌండేషన్ చేపట్టిన ఆ పథకం పేరు 'అశ్విని'. ఇళ్లలో, ఆఫీసుల్లో గదుల మధ్య వాడటానికి పుట్టిన చవక వైఫైతోనే ఊరికీ ఊరికీ మధ్య కిలోమీటర్ల దూరం కలిపారు. పట్నంలోని వైద్యుడితో పల్లె రోగి తెర మీద మాట్లాడటానికి, పిల్లలకు దూరం నుంచి పాఠాలు చెప్పడానికి ఆ వల పనికొచ్చింది. అప్పుడు ఐఐటీ కాన్పూర్‌లో ఉన్న భాస్కరన్ రామన్, చేబ్రోలు కామేశ్వరి గంగా మైదానంలోనూ ఇలాంటి ప్రయోగాలు చేశారు. రెండుచోట్లా నేర్చుకున్న పాఠాలను 2007లో ప్రచురించారు.

పుల్ల యాంటెన్నా తీసేసి, ఒకే దిక్కు చూసే జాలీ గిన్నెలాంటి యాంటెన్నా బిగించడమే అక్కడి మంత్రం. తేలిన సంగతి మాత్రం ఇంజినీర్లకు తప్ప మిగతావాళ్లకు ఆశ్చర్యమే. రేడియో పెట్టె చవక. యాంటెన్నా చవక. కొబ్బరి చెట్ల తలలు దాటించి ఆ యాంటెన్నాను నిలబెట్టే ఇనుప స్తంభానికే ఎక్కువ డబ్బు! ఎన్ని స్తంభాలు, ఎంత ఎత్తున వేస్తే ఖర్చు తగ్గుతుందో లెక్కగట్టడమే ఒక పరిశోధన పత్రమైంది. ఇంటి లోపల ఆ స్తంభం ఖర్చు లేదు. బోలెడు గోడలున్నాయంతే.

ఇలాంటివి నేర్పడానికి ఇక్కడ చదువుల కొరత కూడా లేదు. గోదావరి దాటితే సెంటినరీ కాలనీలో జేఎన్‌టీయూ మంథని ఇంజినీరింగ్ కళాశాల ఉంది. ఎగువన బాసరలో ట్రిపుల్ ఐటీ ఉంది. ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు యాంటెన్నాలు ఒక పూర్తి సబ్జెక్టు. పరీక్షలో సమాధానంగా రాసి మరిచిపోయే మూల యాంటెన్నాను ఒక్కసారి ఇంట్లో అమ్మ దగ్గర ఫాయిల్ అడిగి చేసి చూస్తే... ఆ పాఠం ఇక మరిచిపోవడం కష్టం.

హద్దు దాటొద్దు

2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని లైసెన్సు లేకుండా వాడుకోవడానికి కేంద్రం 2005 జనవరిలో ఇచ్చిన నిబంధనల్లో ఒక పరిమితి ఉంది. యాంటెన్నా బలంతో కలిపి లెక్కేసిన శక్తి 4 వాట్లు దాటకూడదు. మామూలు రూటర్ పంపేది వాటులో పదో వంతు. దానికి పది రెట్ల యాంటెన్నా కట్టినా ఒక వాటే. కాబట్టి రేకు, డబ్బా, జల్లెడలతో భయం లేదు. విడిగా శక్తి పెంచే ఆంప్లిఫయర్లు తెచ్చి తగిలిస్తేనే చిక్కు. ఇక మొబైల్ సిగ్నల్ బూస్టర్ల పేరుతో అమ్మేవి పూర్తిగా వేరే సంగతి. అనుమతి లేకుండా వాటిని పెట్టడం నేరం. అవి చుట్టుపక్కల అందరి ఫోన్లనూ పాడుచేస్తాయి. ఫోన్ వెనక అంటిస్తే సిగ్నల్ పెరుగుతుందని అమ్మే బంగారు రంగు స్టిక్కర్లు చట్టవిరుద్ధమేమీ కావు. వృథా, అంతే.

ఇంకో మాట. 2.4లో ఒకదానికొకటి అడ్డురాని దారులు మూడే... 1, 6, 11. వరస ఇళ్ల వీధిలో అందరి పెట్టెలూ నలుదిక్కులా అరుస్తుంటే ఎవరి మాటా ఎవరికీ సరిగా వినిపించదు. మన సిగ్నల్‌ను మన ఇంట్లోకే మళ్లించుకుంటే పక్కింటికీ కాస్త ప్రశాంతత.

ఇంతా చేసి, ఆదివారం మధ్యాహ్నం ముందు అర్రలో అట్ట మడత నిలబెట్టి, నాలుగు సెంటీమీటర్లు కొలిచి, తెరిచిన వైపు నడిమి అర్ర తలుపుకు చూపించారనుకోండి. వెనక చిన్నగదిలో ఫోన్ పట్టుకుని ఎవరో ఒకరు కూర్చోవాలి. మధ్యలో కబురు మోయడానికి ఇంకొకరు కావాలి.

"అచ్చిందా?"

"మైనస్ డెబ్బయి ఒకటి... ఇంకొంచెం ఇటు తిప్పు... ఆఁ, అరవై అయిదు! అట్లనే ఉంచు."

అంతలో రేకు వెనకవైపు, వీధి అరుగు మీద కూర్చుని ఫోన్‌లో క్రికెట్ చూస్తున్న పెద్దాయన కేక.

"ఓయ్... ఎవల్లది? ఈడ ఉన్నది కాస్త పోయింది!"